ఎండల్లో ఉన్ని టోపీ

కత్తెర ఇంకా దొరకలేదు.

పోయిన వారం టైలరమ్మ కొట్లో మోకాళ్ళ మీద కూర్చుని, కుట్టుమిషన్ కిందికి చెయ్యి పోనిచ్చి తడుముతుండగా మనం వచ్చేశాం. ఆవిడ అప్పటినుంచీ వెతుకుతూనే ఉంది. బీరువా వెనక చూసింది. గుడ్డపీలికల సంచి నేలమీద బోర్లించింది. ఇస్త్రీ బల్ల కింద, వంటింటి డబ్బాల్లో, ఆఖరికి అత్తగారి దిండు గలీబులో కూడా చూసి, ఆ అత్తగారి చేత నాలుగు మాటలు పడింది. చూడనిదల్లా తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న భర్త చలికాలపు కోటు ఒక్కటే. దాన్ని ఆ ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. ముట్టుకుని, కొక్కెం మార్చి తగిలిస్తే ఆ మనిషి రెండు పూటలు మాట్లాడడు.

పోయినది మామూలు కత్తెర కాదు. నల్ల పిడుల పెద్ద కత్తెర. దాంతో కాయితం కత్తిరించినవాళ్ళకి ఆ పూట భోజనం లేదని టైలరమ్మ శాసనం. బడులు తెరిచే రోజులు ముంచుకొస్తున్నాయి, యూనిఫారం గుడ్డలు కొట్టునిండా మేట వేసి ఉన్నాయి, ఆవిడేమో దారాలు తెంపుకునే బుల్లి కత్తెరతో వాటిని కోస్తూ వేళ్ళు కాయలు కాయించుకుంటోంది.

కొత్తగా మన వెంట వచ్చినవాళ్ళకి ఇంటి సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. ఇంటి ముందుగదే కొట్టు. అందులో టైలరమ్మ కుడుతుంది, అత్తగారు గుండీలు వేసి కాజాలు తీస్తుంది. భర్త సిటీ బస్సు డ్రైవరు. వాళ్ళకి ఏడేళ్ళ కూతురు. చంటిపిల్లగా ఉన్నప్పుడు ఎంత గుక్కపట్టి ఏడుస్తున్నా సరే, చేతికో జిప్పు ఇచ్చి లాగమంటే ఊరుకునేది కాబట్టి, దాని అసలు పేరు బడి హాజరుకే మిగిలిపోయి ఇంటా వీధిలోనూ జిప్పు అయింది. ఈ జిప్పు బడిలో గంట మోగినప్పుడల్లా చెవులు మూసుకుని బల్ల కింద దూరి కేకలు పెడుతోందని టీచరు పిలిపించి చెప్పడమూ, టైలరమ్మ పిల్లని పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తిప్పడమూ, చివరికి ఆవిడ ‘మీ పాపకి ఆటిజం ఉందమ్మా’ అని నెమ్మదిగా చెప్పడమూ ఇదివరకే జరిగాయి. పిల్లకి తన సంగతి తనకి తెలియాలి, మీరే తేలిక మాటల్లో చెప్పండి, ఆలస్యం చెయ్యకండి అని కూడా డాక్టరమ్మ చెప్పింది.

టైలరమ్మ ఆలస్యం చేసింది. చెయ్యక ఏం చేస్తుంది? ఇంట్లో చెబితే భర్త కంచంలోంచి తల ఎత్తకుండా, “నేనూ చిన్నప్పుడు ఇంతే. ఏం, బతకట్లేదా?” అన్నాడు. అత్తగారైతే, “ఒకసారి పేరు పెట్టావంటే ఇక ఊరంతా ఆ పేరుతోనే పిలుస్తుంది, జాగ్రత్త” అని సూదిలో దారం ఎక్కించుకుంది. పిల్లకి చెబుదామని టైలరమ్మ రోజుకోసారైనా నోరు తెరిచేది. తెరిచి, “పాలు తాగుతావా?” అనేది. ఆ పిల్ల పొట్టలో పాలు పడ్డాయే గాని అసలు మాట పడలేదు.

ఆఖరిసారి ఆసుపత్రి నుంచి వచ్చిన రోజునే కత్తెర మాయమైంది. ఆ రోజే జిప్పు అటకమీది పెట్టెలోంచి ఉన్ని టోపీ తీసి నెత్తిన పెట్టుకుంది. మళ్ళీ తియ్యలేదు.

ఎండలు చూడబోతే రోడ్డుమీది తారు చెప్పుకి అంటుకుంటోంది. ఫ్యాను వేడిగాలి విసురుతోంది. ఆ టోపీలో పిల్ల చెంపల మీదుగా చెమట కారి మెడ కింద చేరుతోంది.

“తీయించవే ఆ టోపీ! తల ఉడికిపోతోంది పిల్లకి,” అంది అత్తగారు ఆ ఉదయం, నోట్లో గుండీ పట్టుకునే.

“తీయనంటోంది అత్తయ్యా.”

“అనదూ మరి? ‘తీస్తావా తల్లీ’ అని బతిమాలితే ఎవరు తీస్తారు? చనువిచ్చి నెత్తికెక్కించుకున్నావు. అది పట్టు పట్టింది, అంతే.”

“మీరు మొన్న తీయబోయారుగా. ఏమైంది?”

అత్తగారు గుండీని నోట్లోంచి తీసి చొక్కామీద పెట్టి, ఇక దానిమీదే దృష్టంతా పెట్టింది. మొన్న ఆవిడ తీయబోతే జిప్పు రెండు చేతులతో టోపీని పట్టుకుని పెట్టిన కేకకి, చొక్కా కుట్టించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి కొలతలు సగంలో వదిలేసి చెప్పులు తొడుక్కున్నాడు. ఇంతవరకూ తిరిగి రాలేదు.

టైలరమ్మని తొలిచేస్తున్నది మాత్రం పట్టుదల కాదు. జిప్పుకి ఉన్ని పడదు. స్వెట్టరు వేస్తే ఒంటిమీద చీమలు పాకుతున్నాయని గోళ్ళతో గీరుకునే పిల్ల. మామూలు గుడ్డలోనే కుట్టు గుచ్చుకుంటుందని, టైలరమ్మ దాని ఫ్రాకులన్నీ కుట్లు పైకి వచ్చేలా కుడుతుంది. పనితనం తెలిసినవాళ్ళు చూస్తే నవ్వుతారని ఆ కుట్ల మీద సన్నటి పట్టీ వేసి, ఎవరైనా అడిగితే ‘ఇప్పుడిదే ఫ్యాషన్’ అని బుకాయిస్తుంది. అలాంటి పిల్ల తనంతట తాను ఉన్ని తెచ్చి నెత్తిన పెట్టుకుని, ఆ చీమల్ని రాత్రీ పగలూ ఓర్చుకుంటోందంటే, అంతకన్నా పెద్ద భయమేదో దాన్ని పట్టుకుందన్నమాట. ఆ భయం ఏమిటో తల్లికి తెలియడం లేదు. బడి తెరిచేలోగా తెలుసుకోకపోతే ఈ పిల్ల మళ్ళీ తన చేతికి దొరకదేమోనని ఆవిడకి గుబులు పట్టుకుంది.

మధ్యాహ్నం, వీధిలో మనిషన్నవాడు కనబడని వేళ, ఒకావిడ నీలం గొడుగు మూస్తూ గుమ్మంలోకి వచ్చింది. చేతిసంచిలోంచి పాత బడి చొక్కా ఒకటి తీసి బల్లమీద పరిచింది.

“కుట్లు పైకి వచ్చేలా కుడతారటగా?”

టైలరమ్మ కాళ్ళు మిషన్ తొక్కుడు మీద ఆగిపోయాయి. కొట్టు పెట్టిన దగ్గర్నుంచి ఎందరో కుట్టు పైకి కనబడిందని దెబ్బలాటకి వచ్చారుగాని, కనబడేలా కుట్టమని అడిగినవాళ్ళు లేరు.

“ఎవరు చెప్పారండీ?”

“ఎవరూ చెప్పలేదు. డాక్టరమ్మ గది బయట మీ పాపని చూశాను. ముందు ఫ్రాకు తిరగేసి తొడిగారనుకున్నా. దగ్గరికొచ్చి చూద్దునుగదా, కుట్టడమే అలా కుట్టారు. పైన పట్టీ కూడానూ! మిమ్మల్ని పలకరిద్దామనుకునేలోగా లోపలికి పిలిచారు. అప్పట్నుంచి కనబడిన కొట్టల్లా ఎక్కి దిగుతున్నాను. ఇదిగో, ఇవాళ దొరికారు.” గొడుగావిడ గుక్క తిప్పుకుంది. “మావాడు ఒకే ఒక్క పాత చొక్కా తొడుక్కుంటాడండీ. అది చంకల్లో పిగిలిపోయింది. కొత్తది తొడిగితే కుట్లు కొరుకుతున్నాయని విప్పేస్తాడు. బడి తెరిస్తే ఏం తొడుక్కుని వెళ్తాడు?”

“మా పిల్లకి ఏమీ లేదు,” అంది అత్తగారు మూలనుంచి, ఎవరూ అడగకుండానే.

“మావాడికీ ఏమీ లేదండీ. ఆటిజం ఉంది, అంతే.”

ఆ మాట ఆవిడ చొక్కా సైజు చెప్పినంత తేలిగ్గా అనేసింది. ఇన్నాళ్ళూ గుసగుసలుగానే తప్ప ఆ గదిలో వినబడని మాట, గుమ్మం తెరిచి ఉండగా, పట్టపగలు, నలుగురు వినేలా పలికింది. కప్పు కూలలేదు. ఇస్త్రీపెట్టె తన మానాన తను వేడెక్కుతూనే ఉంది.

“ఆ చొక్కా ఇలా ఇవ్వండి,” అని టైలరమ్మ దాన్ని అందుకుని, చంక దగ్గర, భుజం దగ్గర టేపు పెట్టి చూసి, అలవాటైన మాట అనేసింది. “కొలిచాం, ఇక కత్తిరిద్దాం.”

ఇది ఆవిడ ఊతపదం. పని నేర్పిన పెద్దావిడ దగ్గర అబ్బింది. టేపు మెడలో వేసుకున్నాక ఆ మాట అనకపోతే ఆవిడకి పని ముందుకి సాగదు. కోతబల్ల కింద కూర్చుని ఉన్న జిప్పు ఆ మాట వినగానే టోపీని కనుబొమల దాకా లాక్కుంది. టైలరమ్మ చూసింది. చూసి, ఏమీ అర్థంకాక గొడుగావిడ వైపు తిరిగి గొంతు తగ్గించింది.

“మీ బాబుకి తెలుసా? తనకి... అదీ...”

“తెలుసు. తెలియకపోతే ఎలాగండీ, వాడిదే కదా!”

“ఎలా చెప్పారు?”

“చెప్పడం తర్వాత. ముందు అడగండి. నీకేం తెలుసని అడగండి. మనం చెప్పకపోతే వాళ్ళకేమీ తెలియదనుకుంటాం. వాళ్ళు అప్పటికే ఏదో ఒకటి అల్లేసుకుని ఉంటారు. మావాడు వాడికి కళ్ళు పోతున్నాయనుకున్నాడు. డాక్టరమ్మ బొమ్మలు చూపించి ‘ఇదేంటి, ఇదేంటి’ అని అడిగిందిగా, అందుకు! ఎన్నాళ్ళు అలా గోడలు పట్టుకు నడవడం ప్రాక్టీసు చేశాడో. నేనేమో ఆటనుకున్నాను.”

నవ్వుతూనే చెప్పింది గాని చెబుతూ చెబుతూ ముక్కు తుడుచుకుంది. తర్వాత బడి గంట సంగతి టైలరమ్మ అడగ్గానే, “అడిగితే చేస్తారండీ. మావాడి టీచరు గంట కొట్టేముందే వాణ్ణి మంచినీళ్ళ నెపం మీద బయటికి పంపేస్తుంది. అడగొచ్చని నాకే తెలియలేదు చాలాకాలం,” అంది. శనివారం సాయంత్రాలు లైబ్రరీ పైగదిలో తనలాంటి తల్లులూ తండ్రులూ కొందరు కూర్చుంటారని, తప్పకుండా రమ్మని చెప్పింది. “టీ మాత్రం బాగుండదు. మనుషులు బాగుంటారు,” అని గొడుగు విప్పుకుని ఎండలోకి దిగింది.

“టీ బాగుండదని ముందే చెప్పి పిలిచేవాళ్ళని ఇప్పుడే చూడడం,” అంది అత్తగారు. కాని ఆ గొంతులో మునుపటి విసురు లేదు.

టైలరమ్మ మిషన్ మీద గుడ్డ కప్పింది. పట్టపగలు, చేతినిండా పని ఉండగా, ఆవిడ మిషన్ మీద గుడ్డ కప్పడం అత్తగారు ఆ ఇంట్లో ఎన్నడూ చూడలేదు. తర్వాత కోతబల్ల కిందికి వంగి, తల తగలకుండా నడుం మడిచి, పాకుతూ వెళ్ళి కూతురి పక్కన కూలబడింది. జిప్పు పాడైపోయిన సంచి జిప్పు ఒకటి ఒళ్ళో పెట్టుకుని పైకీ కిందికీ లాగుతోంది.

“జిప్పూ, ఒకటి అడగనా?”

“అడుగుతున్నావుగా.”

“మనం డాక్టరమ్మ దగ్గరికి ఎందుకెళ్ళామో నీకు తెలుసా?”

జిప్పు లాగడం ఆగిపోయింది.

“తెలుసు.”

“ఎందుకు?”

“నా తల సరిపోలేదని.”

టైలరమ్మ పిల్ల మొహం చూడబోయి, చూస్తే అది మాట్లాడదని గుర్తొచ్చి, ఎదుటి బల్లకాలునే చూస్తూ కూర్చుంది.

“అలాగని ఎవరన్నారు?”

“ఎవరూ అనలేదు. డాక్టరమ్మ తలచుట్టూ టేపు పెట్టింది. అంకె రాసుకుంది.”

“అది పిల్లలందరికీ పెడతారమ్మా. ఎత్తు చూస్తారు, బరువు చూస్తారు, తల...”

“తర్వాత నువ్వన్నావు.”

“నేనా? ఏమన్నాను?”

“కొలిచాం, ఇక కత్తిరిద్దాం, అన్నావు.”

బల్ల పైన అత్తగారి సూది కూడా ఆగింది.

అన్నది. నిజంగానే అన్నది. ఆ తెల్లటి గదిలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కూతురి తలచుట్టూ టేపు తిరగడం చూసి, చూడగానే నోటికి అలవాటైన మాట దానంతటది దొర్లిపోయింది. డాక్టరమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వుకి తన బెదురు తీరి తనూ నవ్వింది. నవ్వనిది ఒక్క జిప్పే. ఆ గదిలో దర్జీపని ఎరిగినవాళ్ళు తల్లీ కూతుళ్ళిద్దరే మరి. పుట్టిన దగ్గర్నుంచి ఆ పిల్ల చూస్తున్నది ఒకటే. టేపు ఎక్కడ పడితే కత్తెర అక్కడ పడుతుంది. ఒక్కసారీ తప్పలేదు.

“మొదటిసారి కొలతలు,” అంది జిప్పు, బల్లకాలుకే చెబుతున్నట్టు. “రెండోసారి వేసి చూస్తావు. సరిపోకపోతే ఎక్కువైంది కోసేస్తావు. డాక్టరమ్మ మళ్ళీ రమ్మంది కదా.”

“అందుకని... టోపీ?”

“ముతక ఉన్నిని కత్తెర కోయలేదు. నమిలేస్తుంది. నువ్వే నానమ్మతో అన్నావు.”

“చీమలు పాకడం లేదూ?”

“పాకుతున్నాయి.” కాస్త ఆగింది. “బాగా పాకుతున్నాయి.”

టైలరమ్మకి ఏడుపొచ్చింది. నవ్వొచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ముక్కులోంచి వింత శబ్దం వచ్చి, జిప్పు ఆశ్చర్యంగా తల తిప్పి చూసింది. ఇప్పుడు టైలరమ్మకి ఆ భయం ఏమిటో తెలిసింది. తెలిసినదాన్ని తియ్యడం తన చేతిలో పని.

“జిప్పూ, విను. నీ తలని ఎవరూ కత్తిరించరు. నేను కత్తిరించను. డాక్టరమ్మ కత్తిరించదు. ఎప్పటికీ, ఎవరూ కత్తిరించరు. ఆ రోజు నేను అలవాటుకొద్దీ అనేశాను. తర్వాత నవ్వాను. తప్పు నాది.”

“నాకు నవ్వు రాలేదు.”

“అవును. రాదు.”

“మరి ఎందుకెళ్ళాం?”

ఇక్కడ టైలరమ్మ తెలివికి పోయింది. ఎన్నాళ్ళనుంచో మనసులో కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టి పెట్టుకున్న పోలిక ఒకటి ఆవిడ దగ్గర ఉంది. దాన్ని బయటికి తీసింది. “చూడమ్మా, చొక్కాకి గుండీలుంటాయి, లాగుకి హుక్కు ఉంటుంది, సంచికి జిప్పు ఉంటుంది. అన్నీ మూసేవే. కాని జిప్పుని గుండీలాగా కాజాలో దూర్చబోతే దూరుతుందా? అది జిప్పు తప్పా? నువ్వు కూడా...”

“నేను జిప్పుని కాదు.”

“కాదనుకో, కాని...”

“అది ముద్దుపేరు. నేను మనిషిని. మామూలుగా చెప్పు.”

పైనుంచి అత్తగారు కిసుక్కున నవ్వి, దగ్గుతో కప్పేసింది.

టైలరమ్మ మామూలుగా చెప్పింది. ఆశ్చర్యమేమిటంటే, మామూలుగా చెప్పడం మొదలుపెట్టాక మాటలు వరుసగా వచ్చాయి. “నీ మెదడు పనిచేసే తీరుకి ఒక పేరుంది. ఆటిజం అంటారు. నువ్వు అలాగే పుట్టావు. అందుకే బడిలో గంట నీకు మిగతావాళ్ళకన్నా చాలా గట్టిగా వినబడుతుంది. కుట్లు గుచ్చుకుంటాయి. నలుగురు ఒకేసారి మాట్లాడితే అలసిపోతావు. అనుకున్నది అనుకున్నట్టు జరక్కపోతే నీకు కష్టంగా ఉంటుంది. చేతికి పని దొరికితే అయ్యేదాకా వదలవు. ఉన్నమాట ఉన్నట్టు అంటావు. ఇవన్నీ ఎందుకో తెలుసుకోవడానికే వెళ్ళాం.”

“జబ్బా?”

“కాదు.”

“సూదిమందు వేస్తారా?”

“వెయ్యరు.”

“పెద్దయ్యాక పోతుందా?”

“పోదు. పెద్దయ్యాక కూడా ఉంటుంది. కష్టంగా ఉన్నవాటికి మాత్రం సాయం చేస్తారు. గంట కొట్టేముందు నిన్ను బయటికి పంపమని నేను టీచరుని అడుగుతాను. ఇందాక గొడుగు వేసుకుని వచ్చినావిడ లేదూ, వాళ్ళబ్బాయికి కూడా ఆటిజమే. వాడికీ కుట్లు గుచ్చుకుంటాయట.”

“వాడికి ఏ చొక్కా కుడతావు?”

“నీ ఫ్రాకులాంటిదే. కుట్లు పైకి.”

జిప్పు చాలాసేపు ఆలోచించింది. ఆ పిల్ల ఆలోచిస్తున్నప్పుడు కదిలించకూడదని తల్లికి తెలుసు. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నా కదలకుండా కూర్చుంది.

“టీచరు మొండిపిల్ల అంది నన్ను.”

“మొండితనం కాదు. గంట నీకు నిజంగానే నొప్పి.”

“నిజంగానే! నేను చెప్పాను. ఎవరూ నమ్మలేదు.”

“నేను నమ్ముతున్నాను,” అంది తల్లి.

జిప్పు రెండు చేతులూ పైకెత్తి, టోపీని చెవుల దగ్గర పట్టుకుని, ఒక్క గుంజు గుంజింది. లోపల జుట్టంతా చెమటతో తలకి అతుక్కుపోయి ఉంది. నుదుటి మీద ఉన్ని అల్లిక అచ్చుపడి ఎర్రటి గీతలు తేలాయి. పిల్ల పది వేళ్ళతోనూ తల గీరుకుని, హమ్మయ్య అని అంత పెద్ద నిట్టూర్పు విడిచింది.

బల్ల కిందినుంచి బయటికి వచ్చిన మనవరాలిని అత్తగారు ఎగాదిగా చూసింది. ముట్టుకుంటే ఊరుకోదని తెలిసి, పక్కనున్న అట్టముక్క తీసి దూరంనుంచే విసరడం మొదలుపెట్టింది.

“ఏంటే ఆ పేరు? ఆటి... నాకు నోరు తిరగదు.”

“ఆటిజం, నానమ్మా.”

“సరేలే. దానికోసం నా మనవరాలి పేరు మార్చుకోను నేను. జిప్పువి జిప్పువే.”

“మార్చక్కర్లేదు. రెండూ ఉంటాయి,” అంది జిప్పు, తేల్చి చెప్పేసినట్టు.

అత్తగారు ఇంకొంచెం గట్టిగా విసిరింది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. ఎండకి, అని ఎవరూ అడగకుండానే అంది.

“ఇక కత్తెర ఇచ్చేస్తావా?” అంది టైలరమ్మ, పైట చెంగుతో మొహం తుడుచుకుంటూ. అడిగాక గుర్తొచ్చింది. “అవునూ, బుల్లి కత్తెర ఎందుకు దాచలేదు?”

“బుల్లి కత్తెరలో తల పట్టదుగా.”

జిప్పు తిన్నగా తలుపు దగ్గరికి నడిచింది. తలుపు ముందుకి లాగి, వెనక కొక్కేనికి ఏడాది పొడుగునా వేలాడే ఆ డ్రైవరు కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టి, నల్ల పిడుల కత్తెరని రెండు చేతులతో బయటికి తీసింది. తీసి, కోటు పాత మడతల్లోనే ఉందా లేదా అని చూసి, భుజం కొంచెం సర్దింది.

“నాన్న కోటులోనా!” అంది టైలరమ్మ.

“అది ఎవరూ ముట్టుకోరుగా. కొక్కెం మారిస్తే నాన్నకి కష్టంగా ఉంటుంది.” జిప్పు కత్తెరని బల్లమీద, దాని చోట్లో, దాని కోణంలో పెట్టింది. అప్పుడు ఏదో లెక్క కుదరనట్టు కనుబొమలు ముడిచింది. “అమ్మా, నాన్నకి కూడా టేపు పెట్టారా?”

“ఎందుకూ?”

“నాన్న బస్సులో చెవుల్లో దూది పెట్టుకుంటాడు. రూటు మార్చారని సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నాడు. కోటు ఆ కొక్కేనికే ఉండాలి. చుట్టాలొస్తే మేడమీదికి వెళ్ళిపోతాడు.” ఒక్కొక్కటీ చెప్పి, తల్లివైపు సూటిగా కాకపోయినా దగ్గరగా చూసింది. “మరి నాన్నకి ఎవరు చెప్తారు?”

‘నేనూ చిన్నప్పుడు ఇంతే’ అన్న ఆ గొంతు, కంచంలోంచి ఎత్తని ఆ తల, టైలరమ్మకి ఇప్పుడు కొత్తగా తోస్తున్నాయి. సాయం కోసమన్నట్టు అత్తగారి వైపు తిరిగింది. అత్తగారు విసరడం ఆపేసి, అట్టముక్కని ఒళ్ళో పెట్టుకుని, దాని అంచునే చూస్తోంది.

“వాడి చొక్కాల మెడకింద లేబుళ్ళు ఎవరు కత్తిరిస్తున్నారే?” అంది ఆవిడ మెల్లగా.

“నేనే అత్తయ్యా. పెళ్ళయిన దగ్గర్నుంచి. గుచ్చుకుంటున్నాయంటే...”

“అంతకుముందు నేను కత్తిరించేదాన్ని.”

గుమ్మం దగ్గర ఖాళీ క్యారేజీ గిన్నెలు చప్పుడు చేశాయి. ముగ్గురూ తల తిప్పారు. డ్యూటీ దిగి వచ్చిన డ్రైవరు, చెవుల్లోంచి తీసిన దూదిని గుప్పిట్లో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో, ఆ మొహం చూసి చెప్పడం కష్టం. కూతురి నుదుటి మీది ఎర్రటి గీతలు చూశాడు. నేలమీది ఉన్ని టోపీ చూశాడు. బల్లమీది కత్తెర చూశాడు. క్యారేజీ కింద పెట్టి, కొలతలకి వచ్చినవాళ్ళు కూర్చునే ఎత్తుపీట లాక్కుని, భార్య ఎదురుగా కూర్చున్నాడు.

“నాకూ చెప్పు,” అన్నాడు. “దానికి చెప్పినట్టే. మామూలుగా.”